గోవా... బాపట్ల నుంచి ఆటో దూరం

కాశ్మీర్ లంబసింగిలో ఉంది. ఊటీ అరకులో ఉంది. కేరళ కావాలంటే రాజోలు దాకా వెళ్లి దిండి ఎటని అడిగితే ఎవరైనా చూపిస్తారు. గోవా అయితే మరీ దగ్గర, బాపట్లలో రైలు దిగి సూర్యలంకకు ఆటో మాట్లాడుకోవడమే. ఇక మాల్దీవులు కొల్లాపూర్ పక్కన, సోమశిలలో. ఈ భూగోళం ఏ బడిలోనూ చెప్పరు. వారాంతానికి ఎక్కడికి పోదామని ఫోన్ తెరిస్తే మాత్రం రీల్ తర్వాత రీల్ ఇదే పాఠం. ఓ కుర్రాడు డ్రోన్ ఎగరేసి, గొంతు తగ్గించి, ‘ఈ ప్లేస్ ఎవరికీ తెలీదు గైస్’ అంటాడు. వాడి వెనకాల కార్లు బారులు తీరి ఉంటాయి.

ఆంధ్రా తీరం 974 కిలోమీటర్లని చిన్నప్పుడు బట్టీ పట్టాం. ఆ పాత లెక్కల్లో గోవా తీరం నూరు కిలోమీటర్ల పైచిలుకు. తొమ్మిది గోవాలు పట్టేంత తీరం పెట్టుకుని, అందులో ముక్కకు ‘మినీ గోవా’ అని పేరు పెట్టుకోవాలంటే ఎంత వినయం ఉండాలి! పోనీ, ఆ గోవా నుంచి తెచ్చుకున్నదేమిటి? అక్కడి పాత ఇళ్ల వరండాలు రాలేదు. వాళ్ల పాటలు రాలేదు. పూల చొక్కా వచ్చింది, ఇసకలో సగం పూడిన బీరు సీసా వచ్చింది. అసలు గోవా వాళ్లే ఆ సీసాలతో విసిగిపోయి, బీచ్‌లో తాగితే జరిమానా అని 2019లో చట్టం సవరించుకున్నారు. వాళ్లు వదిలించుకోవాలని చూస్తున్నదాన్ని మనం బోర్డు కట్టి పిలుస్తున్నాం.

కేరళ సంగతి ఇంకా బాగుంటుంది. గోదారి తెచ్చి పోసిన ఒండ్రు మీద, ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలవల్లో పారిన నీళ్లతో పచ్చబడ్డ నేల కోనసీమ. హైదరాబాద్ నుంచి దిగిన పెద్దమనిషి అక్కడ హౌస్‌బోట్ ఎక్కి, రెండు కొబ్బరి చెట్లు చూసి, ‘అబ్బ, అచ్చం కేరళేనండీ!’ అని మెచ్చుకుంటాడు. పడవ నడిపే అబ్బాయి కూడా ‘అవునండీ’ అని తలూపుతాడు, పాపం, వాడి పొట్టకూడు అది. కేరళ వాళ్లు అలెప్పీని మినీ అమలాపురం అని ఎన్నడైనా అన్నారా? అనలేదు. ఎందుకంటే వాళ్లు దాన్ని ‘తూర్పు వెనిస్’ అంటారు! అంటే ఈ జబ్బు వాళ్లకూ ఉంది. ఆ లెక్కన దిండి కేరళకు నకలు, కేరళ వెనిస్‌కు నకలు. మనకు మిగిలింది కార్బన్ పేపర్ కింద మూడో కాపీ.

సూర్యలంక నుంచి తీరం వెంట దక్షిణంగా, చీరాల దాటి వెళ్తే మోటుపల్లి. ఇది ఎవరికీ మినీ కాదు, కాబట్టి ఎవరూ వెళ్లరు. ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే అది రాజుదే అన్న ఆనవాయితీని కాకతీయ గణపతిదేవుడు ఎత్తేసి, సముద్ర వర్తకులకు అభయమిచ్చి, మాట తప్పకుండా రాతి మీద చెక్కించింది ఇక్కడే, 1244లో. ఈ రేవు సీమలో నేసే సన్న బట్టల గురించి, ఇక్కడి వజ్రాల గురించి మార్కో పోలో తన గ్రంథంలో రాశాడు. వెనిస్ మనిషి వచ్చి మన ఊరిని పొగిడాడు. ‘అచ్చం వెనిస్‌లా ఉంది’ అనలేదు. మరి మన కుర్రాడి డ్రోన్ ఇటు తిరగదేం? శాసనం ముందు డాన్సు వేస్తే బాగోదనేమో.

బందరు విషయంలో నాకు పక్షపాతం ఉంది, ముందే చెబుతున్నా. ఇంగ్లీషు వాళ్లు ఇక్కడ వర్తక స్థావరం పెట్టింది 1611లో. అప్పటికి మద్రాసు కోటకు స్థలం కూడా చూసుకోలేదు. వాళ్లకంటే ముందే డచ్చి వాళ్లు దిగారు, వాళ్ల సమాధులు ఇంకా ఉన్నాయి. 1864 ఉప్పెనలో దాదాపు 30,000 మంది పోయారు. పెడనలో ఇవాళ్టికీ కలంకారీ అచ్చులు గుడ్డ మీద పడుతూనే ఉన్నాయి. ఇంత ఊరికి వచ్చి, మంగినపూడి ఒడ్డున నిలబడి, ‘ఇసక తెల్లగా లేదండీ’ అని మొహం ముడుచుకుని వెళ్లేవాళ్లున్నారు. తెల్లగా ఉండదు, నల్ల నేల అది. లడ్డూ తిని వెళ్లండి.

‘సీ వ్యూ’ కావాలనే వాళ్ల కోసం ఉప్పాడ ఉంది. అక్కడ సముద్రం కిటికీలోంచి కనబడటంతో ఆగదు, ఇంట్లోకే వస్తుంది. ఏళ్ల తరబడి ఇళ్లనూ గుడినీ రోడ్డునూ మింగుతోంది, అడ్డంగా వేసిన జియోట్యూబ్ గోడనూ వదల్లేదు. ఇల్లు పోయినవాడు బండరాళ్ల మీద కూర్చుని చూస్తుంటే, అల లేచినప్పుడల్లా పర్యాటకుడు కేకేసి వీడియో తీసుకుంటాడు.

సోమశిల దీవులదీ ఇదే కథ. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కొండల తలలు మాత్రమే పైకి మిగులుతాయి, వాటినే మాల్దీవులంటున్నాం. ఆ జలాశయం అడుగున వందకు పైగా ఊళ్లున్నాయి. సంగమేశ్వరుడి గుడి ఏడాదిలో చాలా నెలలు నీళ్లలోనే. అసలు మాల్దీవుల్లో నేల చాలావరకు సముద్రమట్టానికి మీటరు ఎత్తు కూడా ఉండదు, మునిగిపోతామన్న భయంతోనే అక్కడి జనం బతుకుతున్నారు. రీల్ తీసినవాడికి తెలీదు గానీ, పోలిక ఇక్కడొక్కచోట కుదిరింది.

అన్నిటికన్నా తమాషా మే నెలలో. పిల్లలకు సెలవులిచ్చారని కుటుంబమంతా తీరానికొచ్చి, ఐసులో పెట్టింది వద్దు, ఈ పూట పట్టిన చేపే కావాలని హోటల్ వాడి మీద పంతం పట్టుకుంటుంది. ‘గోవాలో అడగ్గానే పెట్టారయ్యా, నువ్వేంటి?’ అని దబాయింపు కూడా. వాడేం చెయ్యగలడు? చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో మరపడవల వేటకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, నిషేధం ఉంటుంది. బోట్లన్నీ జెట్టీలో తాళ్లు కట్టి ఉంటాయి, వాటి పక్కన నిలబడి సెల్ఫీ దిగి వచ్చి మరీ ఈ తగువు. తాజా చేప కావాలంటే నిషేధం ఎత్తేశాక, వేటకెళ్లిన బోట్లు ఒడ్డుకు చేరాక రండి. గోవా వైపు ఆ నిషేధం జూన్ 1న మొదలై జూలై 31 దాకా ఉంటుంది.