నేను ఐటిస్‌ని

నన్ను మీరు ఒంటరిగా ఎన్నడూ చూసి ఉండరు. టాన్సిలైటిస్, గాస్ట్రైటిస్, హెపటైటిస్... డాక్టరు రాసిన జబ్బు పేరు చివర ఉండే ప్రత్యయాన్ని నేను.

నా పుట్టిల్లు గ్రీకు భాష. అక్కడ కీలును ఆర్థ్రాన్ అనీ, రోగాన్ని నోసోస్ అనీ అంటారు. నోసోస్ స్త్రీలింగ పదం కాబట్టి నేనూ ఆడపిల్లగానే పుట్టాను. 'ఆర్థ్రైటిస్ నోసోస్' అంటే కీళ్లకు సంబంధించిన రోగం. హిప్పోక్రటీస్ పేరిట ఉన్న వైద్య గ్రంథాల నాటికే నాకు పని దొరికింది. వాడుకలో నోసోస్ జారిపోయింది. ఆమె మోసిన అర్థం కూడా నా నెత్తినే పడింది.

'వాపు' అనే కచ్చితమైన అర్థం నాకు ఆధునిక వైద్యులు ఇచ్చారు. ఎరుపు, ఉబ్బడం, వేడి, నొప్పి దాని లక్షణాలని మొదటి శతాబ్దంలోనే రోమన్ రచయిత సెల్సస్ రాసిపెట్టాడు. 1808లో ఇంగ్లండులో చార్లెస్ బాడమ్ శ్వాసనాళాల వాపుకు బ్రాంకైటిస్ అని పేరు పెట్టాడు.

నాకు గర్వకారణం 1886. అంతకుముందు పొట్టకు కుడివైపు కింద చీము పట్టి ఎందరో చనిపోయేవారు. తప్పంతా పెద్దపేగు మొదలుదేనని వైద్యులు అనుకునేవారు. బోస్టన్ వైద్యుడు రెజినాల్డ్ ఫిట్జ్ అసలు మూలం అపెండిక్స్ అని చూపించి, అపెండిసైటిస్ అన్నాడు. ఆలస్యం చేయక ఆపరేషన్ చేయాలన్నాడు. చోటు సరిగ్గా చెబితే ప్రాణం నిలుస్తుందని నాకు అప్పుడు తెలిసింది. 1902లో బ్రిటన్ రాజు ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకం ఈ జబ్బు వల్లే వాయిదా పడింది.

నా బాధ కూడా చెప్పాలి. బద్ధకానికీ, పరీక్షల భయానికీ నన్ను తగిలించి నవ్వుకుంటారు. ఏళ్ల తరబడి వేధించే స్నాయువుల నొప్పిని టెండనైటిస్ అన్నారు. సూక్ష్మదర్శినిలో చూస్తే చాలామందిలో వాపు కంటే పోగుల అరుగుదలే ఎక్కువగా కనిపించింది. నన్ను తీసేసి టెండినోపతి అన్నారు. వెళ్లగొట్టించుకోవడం కష్టమే, కానీ అది న్యాయం. లేని వాపుకు మందు మింగించడం కంటే నేను తప్పుకోవడమే మేలు.

అంతకంటే పెద్ద దిగులు ఇంకొకటుంది. రిపోర్టులో నా పేరు చూడగానే జబ్బు తెలిసిపోయిందని కాగితం మడిచేస్తారు. నేను చెప్పేది ఎక్కడ వాచిందో మాత్రమే. ఎందుకు వాచిందో చెప్పే శక్తి నాకు లేదు. హెపటైటిస్ అంటే కాలేయం వాపు. కలుషితమైన నీటితో ఎ, ఇ రకాల వైరస్‌లు రావచ్చు, రక్తం ద్వారా బి, సి రావచ్చు. మద్యం, కొన్ని మందులు కూడా కారణం కావచ్చు. 'బి' రాకుండా టీకా ఉంది. మన దేశంలో జన్యు సాంకేతికతతో చేసిన తొలి హెపటైటిస్-బి టీకాను 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ తెచ్చింది. 'సి'ని మాత్రలతో నయం చేయవచ్చు. అన్నిటి చివరా నేనే ఉంటాను, వైద్యం మాత్రం వేరు.

అందుకే మీ చీటీలో నేను కనబడితే అక్కడితో ఆగకండి. "కారణమేమిటి డాక్టరుగారూ?" అని అడగండి. ఆ జవాబు దొరికాకే నా పని పూర్తయినట్టు.