లక్ష వ్యూసు, మూడు చాయ్‌లు

కంగ్టిలో ఒక చాయ్ హోటల్ ఉందనుకోండి. పేరు అడగొద్దు. సంగారెడ్డి జిల్లాలో ఏ మండల కేంద్రానికి పోయినా బస్సు ఆగే చోట అదే హోటల్ ఉంటుంది. రేకుల కప్పు, రెండు బల్లలు, మసి పట్టిన గిన్నె, గల్లా పెట్టె, దాని కింద ఉద్దెర పుస్తకం. కొత్తగా వచ్చినవి రెండే: గోడకు క్యూఆర్ కోడ్, డబ్బులు పడగానే ఊరంతా వినిపించేలా అరిచే చిన్న పెట్టె. ఇన్నేళ్లుగా ఆ హోటల్ ప్రచారమంతా పొద్దున్నే పొయ్యి వెలిగించడంతో అయిపోయేది. అల్లం వాసన బస్సు కిటికీ దాకా పోయేది, ముక్కు పుటాలు అదిరినవాడు దిగి వచ్చి తాగేవాడు.

దసరా సెలవులకు హైదరాబాద్ నుంచి మేనల్లుడు దిగాడు. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. హోటల్‌ను ఒక చూపు చూసి పెదవి విరిచాడు.

"మామా, నీకు ఆన్‌లైన్ ప్రెజెన్స్ లేదే."

"పొద్దటిసంది ఈడ్నే ఉన్న గదరా అల్లుడా!"

అక్కడితో చర్చ ముగియాల్సింది. కానీ ఈ కాలంలో చదువుకున్నవాడికి జవాబు దొరక్కపోతే ఫోన్ తీస్తాడు. మామ మూడడుగుల ఎత్తు నుంచి గ్లాసులోకి చాయ్ పోయాలి, అది మెల్లగా జలపాతంలా పడాలి, ఆవిరి మీద సూర్యకిరణం పడాలి, మామ కెమెరాలోకి చూసి కన్ను కొట్టాలి. చివరి పని చేయనని మామ మొరాయించాడు. ఇంట్లో మనిషి కూడా ఈ వీడియో చూస్తుందన్నది ఆయన భయం. మొదటిసారి పోసిన చాయ్ సగం బల్ల మీద పడింది, రెండోసారి మామ చేతి మీద. ఆరోసారికి వీడియో కుదిరింది. ఆ ఐదు చాయ్‌ల లెక్క ఉద్దెర పుస్తకంలో ఎవరి పేరున రాయాలో మామకు తోచలేదు.

ఈ పిచ్చికి పుట్టుపూర్వోత్తరాలున్నాయి. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చి డేటాను మంచినీళ్ల కన్నా చవక చేసింది. తర్వాత టిక్‌టాక్ వచ్చింది. దేశంలో దాదాపు 20 కోట్ల మంది దానికి అలవాటుపడ్డారు. టైలర్లు, బార్బర్లు, చీరలమ్మేవాళ్లు అందులో బోర్డు కట్టుకున్నారు. 2020 జూన్ 29న కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించింది. రాత్రి లక్షమంది అభిమానులున్నవాడు తెల్లారేసరికి మళ్లీ మామూలు టైలర్. అద్దె దుకాణంలో ఉన్నవాడికి యజమాని నెల రోజుల నోటీసైనా ఇస్తాడు. ఇక్కడ సామాను సర్దుకునే టైమే దొరకలేదు. పది రోజులు తిరగకముందే, జూలై 8న, ఇన్‌స్టాగ్రామ్ ఇండియాలో రీల్స్ తెరిచింది. సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మొదలుపెట్టింది, అదీ ముందుగా మన దేశంలోనే. పాత యజమాని పోయాడు, కొత్త యజమానులు ఇద్దరు వచ్చారు. అద్దె అడగరు. షట్టర్ తాళం మాత్రం వాళ్ల దగ్గరే ఉంటుంది.

మేనల్లుడి దగ్గర ప్రతి ప్రశ్నకూ ఒకే జవాబు ఉంది: కుమారి ఆంటీ. హైదరాబాద్‌లో ఈ రీల్స్ మతానికి ఆమే గ్రామదేవత. దాసరి సాయి కుమారి మాదాపూర్ ఐటీ కంపెనీల మధ్య రోడ్డు పక్కన ఏళ్ల తరబడి అన్నం, కూరలు అమ్మారు. ఒక గిరాకీకి బిల్లు చెబుతూ, రెండు లివర్లు ఎక్స్‌ట్రా కలిపి మొత్తం వెయ్యి అయిందని ఆమె అన్న మాట వీడియోకెక్కి, మీమ్ అయి, రాష్ట్రమంతటా ఊతపదమైంది. జనం ఎగబడ్డారు. తినడానికి వచ్చినవాళ్ల కన్నా తినేవాళ్లను తీయడానికి వచ్చినవాళ్లు ఎక్కువయ్యారు. 2024 జనవరి నెలాఖరుకు ట్రాఫిక్ జామ్ అవుతోందని పోలీసులు బండి తీయించారు. దాని మీద మళ్లీ వీడియోలు, వాటి మీద రాజకీయాలు. ఆఖరికి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కలగజేసుకుని, బండి ఉన్నచోటే ఉండనివ్వాలని అధికారులకు చెప్పాల్సి వచ్చింది.

దేశంలో ఎన్ని పథకాలున్నా, ఒక కూరల బండి కోసం ముఖ్యమంత్రి స్థాయిలో నిర్ణయం జరగడం మార్కెటింగ్ పాఠ్యపుస్తకాల్లో లేని అధ్యాయం. మేనల్లుడు ఆ అధ్యాయాన్ని చివరి నుంచి చదివాడు, అదే చిక్కు. కుమారి ఆంటీ దగ్గర ముందు గిరాకి ఉంది, తర్వాత వీడియో వచ్చింది. బండికి నాలుగు పక్కలా ఆఫీసులు, మధ్యాహ్నం ఒంటిగంటకు ఆకలేసే వేలమంది ఉద్యోగులు ఉన్నారు. కంగ్టి హోటల్‌కు నాలుగు పక్కలా పత్తి చేలు, కంది చేలు ఉన్నాయి. పత్తి చాయ్ తాగదు.

ఢిల్లీలో "బాబా కా ఢాబా" కథ ఇంకొంచెం ముందుకు పోయింది. 2020 అక్టోబరులో మాల్వీయ నగర్‌లో కాంతా ప్రసాద్ అనే ముసలాయన, లాక్‌డౌన్ తర్వాత గిరాకి లేక ఏడుస్తున్న వీడియో దేశాన్ని కదిలించింది. మర్నాడే ఢాబా ముందు బారులు తీరారు. డిసెంబరులో ఆయన పెద్ద రెస్టారెంట్ తెరిచారు. 2021 ఫిబ్రవరికల్లా, ఖర్చులకు తగ్గ గిరాకి లేక మూసేశారు, మళ్లీ పాత ఢాబాకే వచ్చారు. కన్నీళ్లు చూసి వచ్చిన గిరాకి కన్నీళ్లు ఆరగానే పోయింది. రోటీలు నచ్చి వచ్చినవాళ్లే మిగిలారు.

అయితే అల్లుడి దగ్గర డాలీ చాయ్‌వాలా కూడా ఉన్నాడు. నాగపూర్ వాడు, చాయ్ వ్యాపారమే, కాబట్టి పోలిక కుదురుతుందని వాడి ధీమా. 2024 ఫిబ్రవరిలో బిల్ గేట్స్ అతని చేతి చాయ్ తాగుతున్న వీడియో ప్రపంచమంతా చూసింది. పైగా ఆ చాయ్ పోసింది హైదరాబాద్‌లోనే. తాను ఎవరికి పోశాడో తనకు తెలియదని, ఎవరో విదేశీయుడనుకున్నానని, నాగపూర్ చేరాక గానీ సంగతి తెలియలేదని అతనే చెప్పాడు. కంగ్టి మామ ఇదంతా విని ఒకటే అడిగాడు: "పైసలు ఇచ్చిండా మరి?"

అన్యాయంగా మాట్లాడకూడదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో మొదలైన "మై విలేజ్ షో" ఊరి మాటను, ఊరి నవ్వును ప్రపంచానికి అమ్మి గెలిచింది. అందులోంచి గంగవ్వ 2020లో బిగ్‌బాస్ ఇంటి దాకా పోయింది. కానీ వాళ్ల సరుకే వీడియో. దానికి పార్సిల్ అక్కర్లేదు, బస్సు అక్కర్లేదు. చీరలు, పచ్చళ్లు కూడా కొరియర్ ఎక్కుతాయి కాబట్టి వాటికీ ఈ దారి పనికొచ్చింది. పచ్చళ్లకైతే వెనక్కి కూడా పనిచేసింది. 2025 ఏప్రిల్‌లో గోదావరి వైపు పచ్చళ్ల వ్యాపారం చేసే అక్కచెల్లెళ్లను ధర ఎక్కువుందని ఒక గిరాకి అడిగితే, తిట్లతో వాయిస్ మెసేజ్ పోయింది. ఏ రీల్స్ పచ్చళ్లను ఇంటింటికీ చేర్చాయో, అవే ఆ తిట్లను కూడా చేర్చాయి, అదీ డెలివరీ చార్జీ లేకుండా. చాయ్‌కి ఈ బాధ లేదు. వేడి చాయ్ కొరియర్ ఎక్కదు.

ఇక లెక్కలకు వద్దాం. మామ వీడియోకు వారంలో లక్ష వ్యూసు వచ్చాయి. హోటల్ ముందు బల్లలు చాలవేమోనని మామ ఇంకో బెంచీ అడిగి తెచ్చాడు. వ్యూ అంటే ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పలేదు. 2025 మార్చి 31 నుంచి యూట్యూబ్ షార్ట్స్‌లో వీడియో మొదలైతే చాలు, వ్యూ కిందే లెక్క. బొటనవేలు పైకి తోసేసినా సరే, అదే మళ్లీ మొదలైతే ఇంకోటి. నారాయణఖేడ్ బస్సు హోటల్ ముందు నుంచి ఆగకుండా పోతే, అందులోని యాభై మందీ చాయ్ తాగినట్టు రాసుకోవడం లాంటిదిది. మామ ఆ లెక్కన ఉద్దెర రాసుంటే ఈపాటికి కంగ్టి ఆయనదే.

చాయ్‌తో కాకపోయినా వీడియోతోనే సంపాదించొచ్చు కదా అన్నాడు అల్లుడు. షార్ట్స్ ప్రకటనల ఆదాయంలో వాటా కావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, 90 రోజుల్లో కోటి వ్యూసు ఉండాలి. చుట్టుపక్కల యాభై వేలమంది ఉన్నారనుకుందాం. పసిపిల్లలతో సహా ఒక్కొక్కరూ మామ చాయ్ పోయడాన్ని 200 సార్లు చూడాలి, అంటే రోజుకు రెండుసార్లకు పైనే. అసలు చాయ్ కూడా అన్నిసార్లు తాగరు.

సరే, డబ్బు పెట్టి బూస్ట్ చేద్దామన్నాడు. ఐదు వందలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 590. పది రూపాయల చాయ్ లెక్కన 59 చాయ్‌లు. మ్యాప్‌లో కంగ్టి మీద పిన్ గుచ్చి, చుట్టూ ఇన్ని కిలోమీటర్లని గీత గీశాడు. గీత పోయి కర్ణాటకలో పడింది. బీదర్ జిల్లా పక్కనే ఉంది మరి. 1956 నవంబరు 1 దాకా కంగ్టి ఉన్న ఈ నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలోదే. రాష్ట్రాల పునర్విభజనను ఇన్‌స్టాగ్రామ్ ఇంకా గుర్తించినట్టు లేదు. మామకు ఇబ్బందేం లేదు. ఈ సరిహద్దులో చాయ్ తెలుగులో అడుగుతారు, కన్నడలో చక్కెర తక్కువంటారు, ఉర్దూలో పైసలు రేపిస్తామంటారు, అక్కడక్కడ మరాఠీలో ఎగ్గొడతారు. ఈ మాటకు ఏ భాష హ్యాష్‌ట్యాగ్ పెట్టాలో తెలియక అల్లుడు ఇంగ్లీషులో పెట్టాడు.

వీడియోకు మంచి తెలంగాణ డీజే పాట పెడదామంటే, వ్యాపార ఖాతాకు సినిమా పాటలు చాలావరకు దొరకవు. కాపీరైట్ గొడవ. హక్కుల చిక్కు లేని ఉచిత సంగీతంలో ఏరుకోవాలి. అలా కంగ్టి చాయ్ జలపాతం వెనక ఎక్కడో మంచుకొండల్లో వాయించినట్టున్న పియానో మోగింది.

దీనికి చట్టం కూడా ఉంది, నమ్మండి. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ నియమాలిచ్చింది. డబ్బు తీసుకుని గానీ, ఉచితంగా సరుకు తీసుకుని గానీ మెచ్చుకునేవాళ్లు ఆ సంగతి వీడియోలోనే చెప్పాలి. చుట్టరికం ఉన్నా చెప్పాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేసే అధికారం ఉంది. ఇది ఢిల్లీలో రాసిన నియమం. కంగ్టిలో చుట్టరికం లేకుండా చాయ్ మెచ్చుకునేవాడు ఎక్కడ దొరుకుతాడు? ఒకడు బామ్మర్ది, ఒకడు వియ్యంకుడి తమ్ముడు, ఒకడు వరుసకు బావ. ఎవరూ కానివాడు ఉద్దెర బాకీదారు, వాడు మెచ్చుకుంటే అది ఇంకా పెద్ద ప్రయోజన సంబంధం.

ఒకప్పుడు ఊళ్లో ఏదైనా చెప్పాలంటే డప్పు చాటింపు ఉండేది. డప్పు వినపడినంత దూరమే ప్రచారం, అంతకు మించి ఒక్క అడుగు పోయేది కాదు. వినపడినవాడు నడిచి రాగలిగిన దూరంలోనే ఉండేవాడు. అంగడి రోజున మైకు కట్టిన ఆటో ఇప్పటికీ ఆ పద్ధతినే పాటిస్తుంది. గిరిగీసి గిరాకిని పట్టడంలో అమెరికా కంపెనీలు ఇప్పుడిప్పుడే ఈ ఆటో స్థాయికి వస్తున్నాయి.

ఇంతకీ లక్ష వ్యూసుకు ఎంతమంది వచ్చారు? ముగ్గురు. మొదటివాడు వీడియోలో వెనక నిలబడ్డ కుర్రాడు, తనను సరిగ్గా చూపించలేదని పంచాయితీకి వచ్చాడు. రెండోవాడు పక్క ఊరి రీల్స్ వీరుడు, "కొలాబ్" పెట్టుకుందామని ఒక ఫ్రీ చాయ్ తాగిపోయాడు. మూడో ఆయన బస్సు చెడిపోయి దిగాడు, ఆయన ఫోన్‌లో చార్జింగ్ కూడా లేదు.

దీపావళి దాటింది. నారాయణఖేడ్ వైపు తండాల నుంచి ఏటా జరిగేదే ఆ ఏడూ జరిగింది. కుటుంబాలకు కుటుంబాలు చెరకు నరకడానికి ఫ్యాక్టరీల దగ్గరికి వలస పోయాయి. మామకు రోజూ వచ్చే గిరాకిలో కొంత వాళ్లతోపాటే పోయింది. చేను గట్టున కూర్చుని ఫోన్ చూసుకుంటున్న వాళ్లలో ఎవడో ఒకడి కంట ఆ రీల్ పడింది. కింద ఒక కామెంట్ పెట్టాడు: "కాకా, నీ చాయ్ మస్తు యాదికొస్తుంది."

అల్లుడు మురిసిపోయి చదివి వినిపించాడు. మామ పేరు అడిగాడు, రెండోసారి అడిగాడు, గల్లా కింద నుంచి ఉద్దెర పుస్తకం తీశాడు. వేలు పెట్టి వెతికాడు. అల్లుడితో జవాబు రాయించాడు: "యాదికొస్తే పోయిన చైత్రం నుంచి 340 బాకీ ఉంది, అది గూడ యాది జేస్కో బిడ్డా." ఆ జవాబుకు పదకొండు వందల లైకులు వచ్చాయి. మధ్యాహ్నానికి గోడ మీది పెట్టె గొంతు చించుకుంది: మూడు వందల నలభై రూపాయలు అందాయి.

రెండో రీల్‌కు మామ తనంత తానే ఒప్పుకున్నాడు. ఈసారి చాయ్ పోసేది లేదట, కెమెరా ముందు ఉద్దెర పుస్తకం పేజీలు ఒక్కొక్కటే మెల్లగా తిప్పుతాడట.