మూడు నూళ్ళ బోల్టు

ఏమోయ్, చెక్కపెట్టె మూలలకి పళ్ళు కోసే జిగ్గు సొంతంగా చేసుకుంటున్నావట. సంతోషం. దానికి కావలసిన నట్లూ బోల్టులూ మాత్రం ఫోన్లో ఆర్డరిచ్చి, వీధిగుమ్మం వైపు చూస్తూ కూర్చున్నావట. మా రోజుల్లో సామాను మనల్ని వెతుక్కుంటూ రాదు నాయనా, మనమే బెజవాడ ఆటోనగర్ అంతా తిరగాలి. పాత లారీలు విప్పేచోట గుట్టలో చెయ్యి పెట్టి, గ్రీజు ఓడుతున్న బోల్టు లాగి, అక్కడికక్కడే నట్టు ఎక్కించి చూసుకునేవాళ్ళం. కొట్టువాడు కిలోల లెక్కన తూచి, గుప్పెడు వాషర్లు కొసరు వేసేవాడు. నీకిప్పుడు కొసరు వచ్చేది అట్టపెట్టె ఒక్కటే.

జిగ్గుని జరిపే మరకడ్డీ తిప్పడానికి పిడి కావాలా? పాడైన గేట్‌వాల్వు చక్రం ఊడదీసి, కడ్డీ కొసని ఆకురాయితో నాలుగు పలకలుగా రాసి తొడిగేవాళ్ళం. మరలో వదులుంటే సైకిలు స్టాండు స్ప్రింగు తగిలించేవాళ్ళం. అది జిగ్గుని ఎప్పుడూ ఒకవైపే లాగి పట్టుకునేది. ఇప్పుడు వీటన్నిటికీ రంగురంగుల ప్లాస్టిక్ పిడులు, విడివిడి సంచులు!

అన్నిటికంటే కడ్డీ ముఖ్యం. మేం వాడింది మూడు నూళ్ళ కడ్డీ. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు, ఈమాత్రం కూడా నేనే చెప్పాలి. విట్‌వర్త్ అనే ఆ అంగుళాల మరకి అంగుళానికి 16 చుట్లు. రెండు చుట్లు తిప్పితే జిగ్గు నూలు జరిగేది, నాలుగు తిప్పితే పావంగుళం. స్కేలక్కర్లేదు, కళ్ళజోడక్కర్లేదు, చెయ్యే లెక్కపెట్టుకునేది. 1956లో కొలతల చట్టం చేసి మీటర్లు, మిల్లీమీటర్లు తెచ్చినా మా వడ్రంగుల నోట్లోంచి నూలు పోలేదు. ఇప్పుడు కొట్లో మూడు నూళ్ళ నట్టు అడిగితే ఆ కుర్రాడు పది మిల్లీమీటర్లది చేతిలో పెడతాడు. మనది తొమ్మిదిన్నర చిల్లర. కంటికి తేడా తెలీదు గానీ, ఆ నట్టు మన కడ్డీ మీద లొడలొడలాడుతుంది. మన నట్టేమో వాళ్ళ కడ్డీకి అసలు ఎక్కదు.

మొన్న మా మనవడు పది మిల్లీమీటర్ల కడ్డీ పట్టుకొచ్చి, "దీని చుట్టు ఒకటిన్నర మిల్లీమీటర్లు తాతయ్యా, నాలుగు తిప్పితే సరిగ్గా ఆరు" అన్నాడు. మళ్ళీ మళ్ళీ లెక్కేశాను. వాడిదీ నాలుగే, నాదీ నాలుగే. అయితే మాత్రం, ఆరు మిల్లీమీటర్లు అనడంలో ఏం రుచుందయ్యా? ఇంట్లో బిస్కెట్ డబ్బా నిండా నా నట్లున్నాయి, ఏదీ దేనికీ ఎక్కదు. మా ఆవిడ పారేస్తానంటే డబ్బా దరిదాపులకి రానివ్వను.

నువ్వు మాత్రం ఫోను ఇంట్లో పడేసి, బోల్టు జేబులో వేసుకుని కొట్టుకి వెళ్ళు. నట్టు చేత్తో తిప్పి చూశాకే డబ్బులియ్యి.