పీకోపాఖ్యానం

కావ్యమన్నాక అష్టాదశ వర్ణనలు ఉండి తీరాలని ఆలంకారికుల శాసనం. 1972లో ఐర్లండ్‌లో పుట్టిన ప్లాంక్స్టీ అనే నలుగురి సంగీత బృందం మీద కావ్యం తలపెట్టినవాడికి వాటిలో కొన్ని ఊరికే దొరుకుతాయి. అర్ణవానికి అట్లాంటిక్ ఉంది, ఋతువుకి ఎడతెగని వాన ఉంది, మధుపానం సంగతి ఆ దేశంలో వేరే చెప్పక్కర్లేదు. నేను మాత్రం అవన్నీ ఇతర కవులకి వదిలేసి యుద్ధవర్ణనకే పూనుకుంటున్నాను. ఆ యుద్ధం పాట ఎత్తుకోకముందే జరుగుతుంది. లోకం దాన్ని శ్రుతి చేసుకోవడం అంటుంది.

ముందుగా సేన. ఆరు తీగల గిటారు ధరించి గాయకశిఖామణి క్రిస్టీ మూర్. గ్రీకు దేశం నుంచి వలసొచ్చి, గుండ్రటి వీపు చదును చేయించుకుని ఐర్లండ్ కాపురస్థురాలైన బుజూకీని ఎడమచేతి వాటంగా పట్టిన సవ్యసాచి డోనల్ లనీ, ఎనిమిది తీగలు. మాండొలిన్ పాణి ఆండీ అర్విన్, మరో ఎనిమిది. వెరసి 22. మన శాస్త్రంలో శ్రుతులూ ఇరవై రెండే కదా అని పులకించేవాళ్లు పులకించవచ్చు. ఈ ఇరవై రెండు మాత్రం దేని దారి దానిదే అనే రకం.

వీరిలో అర్విన్‌ది దిగ్విజయ చరిత్ర. 1960ల చివర్లో ఆయన బాల్కన్ దేశాల మీదికి దండెత్తాడు. చతురంగ బలాల్లేవు, ఛత్రచామరాల్లేవు. అక్కడినుంచి కప్పంగా తెచ్చింది లయ. బల్గేరియావాళ్ల రాచెనిత్సా అనే నాట్యం రెండు, రెండు, మూడుగా ఏడు మాత్రల మీద నడుస్తుంది. మిశ్రచాపు విన్న చెవికి అదో లెక్కా! మూడేసి మాత్రల జిగ్గు నాట్యానికి అలవాటుపడ్డ ఐరిష్ పాదానికి మాత్రం అది ఒక మెట్టు తక్కువైన మేడ. అయినా 1979 నాటి ‘ఆఫ్టర్ ద బ్రేక్’ ఆల్బంలో ‘స్మెచెనో హోరో’ అనే బల్గేరియా వరస ఐరిష్ జిగ్గులూ రీళ్ల పక్కనే పీట వేసుకు కూర్చుంది.

ఇక అతిరథుడు లియమ్ ఓఫ్లిన్. ఆయన ఆయుధం ఇలియన్ పైపులు. కుడి మోచేతికి తిత్తి కట్టి, ఎడమ చంకలో గాలిసంచి ఇరికించి, రాగం పలికే గొట్టాన్ని మోకాలి మీద ఆనించి, ఎడతెగని శ్రుతి పట్టే గొట్టాలు మూడూ, మణికట్టుతో మీటలు నొక్కాల్సిన గొట్టాలు మరో మూడూ ఒడిలో పరుచుకుని కూర్చోవాలి. కార్తవీర్యార్జునుడికైతే సుళువే. మామూలు మానవుడికి ఏడేళ్లు నేర్వడం, ఏడేళ్లు సాధన, ఏడేళ్లు వాయించడం, ఇరవై ఒక్కేళ్లకి గాని పైపర్ కాడని అక్కడివాళ్ల నానుడి.

ఇంత సంరంభమూ ఎవరి కనుసన్నల్లో? రాగపు గొట్టం తలభాగంలో దాగిన వేలెడంత రెల్లు పీక కనుసన్నల్లో! సన్నగా చెక్కిన రెండు రేకులు ఆమె పెదవులు, ఇత్తడి గొట్టం పాదపీఠం, నడుముకి రాగి వడ్డాణం. వడ్డాణాన్ని వెంట్రుకవాసి నొక్కితే పెదవుల తీరు మారి స్వరమే మారిపోతుంది. మన సన్నాయి విద్వాంసుడు పీకని నోట తడిపి దారికి తెచ్చుకుంటాడు. ఈవిడకి ఆ చనువు పనికిరాదు. మనిషి ఊపిరిలోని తడి సోకకూడదనే తిత్తి గాలి సరఫరా. అచ్చంగా అసూర్యంపశ్య.

అంతటి మహారాణికి జన్మశత్రువు వాతావరణం. ఐర్లండ్ చెమ్మలో పుట్టి పెరిగిన పీక అమెరికాలో హీటర్లు వేసిన హాల్లో అడుగుపెట్టగానే బిగుసుకుని అలుగుతుంది. బుజ్జగించడానికి వేదిక మీద వ్యవధి ఉండదు. కనుక సంధి షరతులు ఆవిడవే. పైపు ఎక్కడ పలికితే అదే షడ్జం, తక్కిన ఇరవై రెండు తీగలూ బిరడాలు తిప్పుకుని అక్కడికి రావాలి. వచ్చాయి. అంతా కుదిరింది. ఈలోగా వేదిక దీపాల వేడికి రాణీగారు మరో రవ్వ పైకి జరిగారు. వాద్యకారులు మళ్లీ బిరడాల మీద చేతులేశారు, అందాకా సభని కూర్చోబెట్టడానికి గాయకుడు కబుర్లకి దిగాడు.