డేటాబేసుల రాయుడు

ఒక్క డేటాబేసుతో నడిచే వెబ్ అప్లికేషన్‌ను చూస్తే డేటాబేసుల రాయుడికి జాలి. పేజీ నెమ్మదించిందని ఎవరైనా అంటే ఇండెక్స్ ఉందో లేదో చూడడు. "ఇంకో డేటాబేస్ పెడదాం" అంటాడు.

ఇతనికి వరమిచ్చింది జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్. 2010లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచి అందులో ఒకటికి మించి డేటాబేసులు పెట్టుకోవచ్చు. సెట్టింగ్స్ ఫైలులో "డీఫాల్ట్" కింద రాయుడు చేర్చే పేర్లు శుభలేఖలో బంధుమిత్రుల్లా పెరుగుతూ పోతాయి.

ఏ క్వెరీ ఎటు వెళ్లాలో చెప్పే రౌటర్ మీద ఇతనికి మహా మమకారం. అందులో ఉండేవి నాలుగు మెథడ్లే: చదవడానికి ఒకటి, రాయడానికి ఒకటి, సంబంధాలకూ మైగ్రేషన్లకూ అనుమతినిచ్చేవి రెండు. నాలుగు పంక్తుల్లో తేలే పనికి రాయుడు నాలుగొందలు రాస్తాడు. ఇక అవి మరొకరికి అంతుపట్టవు కాబట్టి సెలవులోనూ ఫోన్ తప్పదు. విసుక్కుంటాడు గానీ, మోగకపోతే దిగులు.

మైగ్రేట్ కమాండ్ ఒకసారికి ఒక డేటాబేసు మీదే పనిచేస్తుంది. పేరు చెప్పకపోతే డీఫాల్ట్ మీద. టేబుల్ కనబడలేదని పూటంతా వెతికాక ఇతనికది గుర్తొస్తుంది. యూజర్లు ఒకచోట, ఆర్డర్లు ఒకచోట ఉంటే మధ్యన ఫారిన్ కీ కుదరదు. ఉత్త నంబరు రాసుకుని "లూజ్ కప్లింగ్" అంటాడు. యూజర్ పోతాడు, ఆర్డర్ అనాథవుతుంది.

అసలు డేటాబేసుకు నకలుగా పెట్టే రెప్లికాది వేరే గొడవ. కస్టమర్ చిరునామా మారుస్తాడు. అది అసలు డేటాబేసులో పడుతుంది. రెప్లికాకు చేరేలోపు పేజీ తెరిస్తే పాత ఇల్లే. మరో ఫ్రేమ్‌వర్క్ రైల్స్‌లో 2019 నాటి 6వ వెర్షన్ నుంచి దీనికో ఏర్పాటు ఉంది: రాసిన మనిషికి రెండు సెకన్లపాటు అసలు దాన్నుంచే చదివి చూపించవచ్చు. రాయుడి ఏర్పాటు మరింత సులువు: "రిఫ్రెష్ కొట్టమనండి."

ట్రాన్సాక్షన్ కూడా ఒక్క డేటాబేసుకే కాపలా. వాలెట్ డబ్బు ఒక దాంట్లో తగ్గి, రెండో దాంట్లో ఆర్డర్ పడకపోతే, తగ్గింది తనంతట తాను వెనక్కి రాదు. ఆ రోజు తప్పు నెట్‌వర్క్‌ది.

నెలాఖరు రిపోర్టుకు రెండు డేటాబేసుల లెక్కలూ కలపాలి. జాంగోలో ఒకే క్వెరీతో జాయిన్ కుదరదు కనుక అకౌంట్స్ వాళ్లు రెండు ఫైళ్లూ దించుకుని ఎక్సెల్‌లో వీలుకప్ పెట్టుకుంటారు. రాయుడు ఆ ఎక్సెల్ ఫైలును కూడా డేటాబేసుల డయాగ్రమ్‌లో మూడో డ్రమ్ముగా గీసి మేనేజరుకు పంపిస్తాడు.