ఎర్ర క్యాలిపర్ ఉంటే సగం ఆగినట్టే

స్పోర్ట్స్ కారు కొన్నారు, సంతోషం. నెల తిరక్కుండానే దాని బ్రేకుల మీద మీకు అసంతృప్తి మొదలైందంటే ఇంకా సంతోషం. డిస్కు ఎంత వెడల్పుండాలో, ప్యాడ్‌లో ఏ మసాలా కలపాలో కంపెనీవాళ్లు ఎండలో, మంచులో, కొండ దారుల్లో ఏళ్ల తరబడి తొక్కి చూసి తేల్చిన మాట నిజమే. కానీ వాళ్లెవరూ మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌కు వచ్చి, పక్క ఫ్లాటాయన కారు చక్రాల్లోంచి ఏం కనబడుతోందో చూడలేదు. బ్రేకుల ఎంపికకు అసలు కొలమానం అదే. కింది సలహాలన్నీ ఆ కొలమానం మీద ఇచ్చినవే.

ముందు క్యాలిపర్ రంగు తేల్చుకోండి, అదే ప్యాడ్లను డిస్కుకు నొక్కే పట్టకారు. ఎరుపు మంచిదే గానీ అందరూ వేయిస్తున్నారు, కాస్త పెద్ద మనసు చేసుకుని పసుపుకు వెళ్లండి. పోర్షే 2001లో కార్బన్ సెరామిక్ డిస్కులు తెచ్చినప్పుడు వాటి క్యాలిపర్లకు పసుపు రంగు వేసింది. అప్పటినుంచి పసుపు కనిపిస్తే తెలిసినవాళ్లు తల ఊపుతారు. ఆ డిస్కు ఇనప డిస్కులో సగం బరువే ఉంటుంది, తుప్పు పట్టదు, ధర లక్షల్లో. రంగు డబ్బా ధర వందల్లో. తేడా మీకు మిగులు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి: రాత్రి వాన కురిస్తే పొద్దున్నే కారు బయటికి తీయకండి. పసుపు క్యాలిపర్ నోట్లో తుప్పు పట్టిన ఇనప డిస్కు కనబడిపోతుంది. రెండు మూడుసార్లు బ్రేకు తొక్కితే తుప్పు పోతుంది గానీ, గేటు దాటేలోపే పరువు పోతుంది.

ఇక డిస్కు. చిల్లులున్నదే కొనండి, ఎన్ని ఎక్కువుంటే అంత మంచిది. ఫార్ములా వన్ కారు డిస్కుకు వెయ్యికి పైగా చిల్లులుంటాయని షాపులో చెబుతారు. నిజమే. అయితే ఆ చిల్లులు ప్యాడ్ రాసుకునే ముఖం మీద కాక అంచు మందంలో ఉంటాయనీ, లోపలి గాలి బయటికి పోవడానికి పెట్టినవనీ, అసలు ఆ డిస్కు ఇనుమే కాదు కార్బన్ అనీ వాళ్లు చెప్పరు, మీరూ అడగొద్దు. వెనకటి ప్యాడ్లు బాగా వేడెక్కితే వాటిలోని జిగురు కాలి వాయువు పుట్టేది. అది ప్యాడుకూ డిస్కుకూ మధ్య పొరలా నిలిచి బ్రేకు పట్టనిచ్చేది కాదు. దానికి దారి ఇవ్వడానికి ముఖం మీద చిల్లులు వేశారు. ఇప్పటి ప్యాడ్లతో ఆ బాధ చాలావరకు తీరింది, చిల్లులు మాత్రం మిగిలాయి. చిల్లు వేసిన చోటల్లా వేడిని దాచుకునే ఇనుము కొంత పోతుంది. ట్రాక్ మీద కాలి, చల్లారి, మళ్లీ కాలి, చిల్లు అంచున సన్నటి పగులు పుట్టి పక్క చిల్లు వైపు పాకుతుంది. నిజంగా ట్రాక్ మీద తిరిగేవాళ్లలో ఎక్కువమంది గాడులు కోసిన డిస్కో, ఏమీ లేని నున్నటి డిస్కో వేసుకుంటారు. వాళ్ల చక్రాలు ఓసారి చూడండి, ఎంత బోసిగా ఉంటాయో.

బిగించేటప్పుడు కూడా కంటికి ఏది ఇంపుగా ఉంటే అదే పాటించండి. లోపలి రెక్కలు వంపు తిరిగిన డిస్కుల్లో ఎడమది వేరు, కుడిది వేరు. మధ్యలోని గాలిని లాగి అంచుకు తోయాలంటే డిస్కు పైభాగంలో ఆ రెక్కలు కారు వెనక్కి వాలి ఉండాలి. ముఖం మీద గాడులు ఎటు వాలాయన్నదానితో దీనికి సంబంధం లేదు. కానీ గాడులు కనబడతాయి, రెక్కలు కనబడవు. ఫొటోలో ఏది పడుతుందో దాన్ని బట్టే బిగించండి.

పరిమాణం దగ్గర పిసినారితనం వద్దు. చక్రంలో పట్టేంత పెద్దది తీసుకోండి, పట్టకపోతే చక్రమే మార్చండి. 17 అంగుళాలది తీసి 19 వేస్తే గుంతలో పడ్డప్పుడు నడుముకు తెలుస్తుంది గానీ సిగ్నల్ దగ్గర దర్జా వేరు. ఇక్కడే ఎవరో ఒక ఫిజిక్స్ మేష్టారు అడ్డుపడి లెక్క చెబుతాడు. 1500 కిలోల కారును గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆపితే దాదాపు 580 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారుతుంది, అంటే లీటరున్నర పైచిలుకు చన్నీళ్లను మరిగించేంత వేడి. వేగం 200 అయితే రెట్టింపు కాదు, నాలుగింతలు. ఆ వేడిని మింగి, మెల్లగా గాలికి వదలడమే డిస్కు పని. పెద్ద డిస్కు ఎక్కువ మింగుతుంది కాబట్టి దాని విలువ తెలిసేది పదో ల్యాపులో. ఒక్కసారి గట్టిగా తొక్కితే ఎంత దూరంలో ఆగుతామన్నది రోడ్డును పట్టుకున్న నాలుగు టైర్ల చేతిలో ఉంది. కంపెనీ బ్రేకునే గట్టిగా తొక్కినప్పుడు ఏబీఎస్ పాదం కింద గడగడలాడుతోందంటే, బ్రేకు ఇవ్వాల్సింది ఇచ్చేసింది, టైరే ఇక పట్టలేనంటోంది. ఈ లెక్క విన్నాక మంచి టైర్లు కొందామన్న ఆలోచన వస్తుంది. రానివ్వకండి. అయిదేళ్ల కిందటి గట్టిపడ్డ టైర్ల మీద ఆరు పిస్టన్ల క్యాలిపర్ పెట్టి చేసే నేల విడిచి సాము చూడముచ్చటగా ఉంటుంది. పైగా టైరు నల్లగానే ఉంటుంది, కొత్తదైనా పాతదైనా.

పెద్ద బ్రేకుల కిట్ ముందు చక్రాలకు మాత్రమే వేయించండి. వెనకవి ఎవరు చూస్తారు? బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వస్తుంది కాబట్టి ముందు బ్రేకులకు ఎక్కువ వాటా, వెనకవాటికి తక్కువ వాటా ఇచ్చి కంపెనీవాళ్లు ఓ తూకం పెట్టారు. ముందువి ఒక్కటే పెంచితే ఆ తూకం చెడుతుంది. వెనక టైర్లు చేయాల్సిన పని చేయకుండా ఊరుకుంటాయి, ఆగే దూరం తగ్గకపోగా పెరగొచ్చు. పిస్టన్ల మొత్తం వైశాల్యం పెరిగి, మాస్టర్ సిలిండర్ పాతదే ఉంటే పెడల్ ఇంకాస్త లోపలికి దిగుతుంది కూడా. దానికి ‘స్మూత్‌గా ఉంది’ అని పేరు పెట్టుకోండి.

బ్రేకు వల్ల పందెం గెలిచిన కథలు చెప్పేవాళ్లున్నారు, వాళ్లతోనూ జాగ్రత్త. 1953లో లె మాన్ 24 గంటల పందెంలో టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ నడిపిన జాగ్వార్ సీ-టైప్, డన్‌లప్ డిస్కు బ్రేకులతో గెలిచింది. ముల్సాన్ స్ట్రెయిట్ చివర డ్రమ్ము బ్రేకుల కార్లు ముందే నెమ్మదించాల్సి వస్తే, జాగ్వార్ ఇంకా కొంత దూరం పోయి కాలు వేసేది. అదీ ఒకసారి రెండుసార్లు కాదు, రాత్రీ పగలూ. ఆ క్యాలిపర్లు ఏ రంగువో అడిగితే మాత్రం చెప్పేవాడు ఒక్కడూ ఉండడు. చరిత్రలో ఇలాంటి లోపాలు చాలా ఉన్నాయి.

ప్యాడ్ల విషయంలో అస్సలు రాజీ పడొద్దు. రేసు ప్యాడ్లే కొనండి, పెట్టె మీద గీసిన బొమ్మ మీలాంటి వాళ్ల కోసమే. గ్రేటర్ నోయిడాలోని 5.125 కిలోమీటర్ల బుద్ధ్ సర్క్యూట్‌లో కిలోమీటరుకు పైగా సాగే స్ట్రెయిట్ ముగిసి నాలుగో మలుపు వస్తుంది. అక్కడ ల్యాపు వెంట ల్యాపు గట్టిగా తొక్కితే డిస్కు 500 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. మామూలు రోడ్డు ప్యాడ్ ఆ వేడికి చేతులెత్తేస్తుంది: పెడల్ రాయిలా గట్టిగానే ఉంటుంది, కారు మాత్రం ఆగదు. రేసు ప్యాడ్ అక్కడ నిలబడుతుంది, అందుకోసమే దాన్ని చేశారు. కాకపోతే చల్లగా ఉన్నప్పుడు దానికి పట్టు తక్కువ. ఆదివారం పొద్దున్నే ఓఆర్‌ఆర్ ఎక్కి, బ్రేకు మీద కాలే వేయకుండా 120లో హాయిగా పోయి, గచ్చిబౌలి దగ్గర ర్యాంపు దిగుతారు. కింద సర్వీసు రోడ్డులో ఆటో అడ్డం తిరుగుతుంది. అప్పుడు మీ ప్యాడ్లు ఇంకా నిద్ర లేవలేదు. ఆటో డ్రైవరుతో ‘అన్నా, నాలుగు ల్యాపులు వేడెక్కనీ’ అని చెప్పుకోవాలి.

ఈ ప్యాడ్లకు మరో రెండు సుగుణాలున్నాయి. ఒకటి అరుపు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర ఆగుతుంటే ఆర్టీసీ బస్సు కూడా తలదించుకునేలా కీచుమంటాయి. రెండోది బూడిద: డబ్బు పోసి కొన్న అల్లాయ్ వీల్స్‌ను వారం తిరక్కుండా నల్లబరిచి, మీరు వేయించిన పసుపు రంగును సైతం కప్పేస్తుంది. ఈ ప్యాడ్లు డిస్కును కూడా తొందరగా తినేస్తాయి కాబట్టి మళ్లీ కొత్త డిస్కులు ఎంచుకునే ఆనందం త్వరలోనే దొరుకుతుంది. చాలా ప్యాడ్ల అంచున చిన్నగా రెండక్షరాలు అచ్చేసి ఉంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది ఎక్కువ వేడిలో పట్టు: ‘ఈ’ అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35, ‘ఎఫ్’ అంటే 0.35 నుంచి 0.45, ‘జీ’ అంటే 0.45 నుంచి 0.55. ప్రయోగశాలలో చిన్న ముక్క మీద కొలిచిన లెక్కే గనక అదే సర్వస్వం కాదు, కానీ చల్లని పట్టు గురించి ఒక అక్షరమైనా చెబుతుంది. చదవకండి. చదివితే రోడ్డుకు ‘ఎఫ్ఎఫ్’ రకం ప్యాడ్లు, ట్రాక్ రోజుకు విడిగా ఇంకో సెట్టు చాలన్న చవకబారు ఆలోచన పుడుతుంది.

బ్రేక్ ఆయిల్ ఊసు ఎత్తే మెకానిక్‌ను వెంటనే మార్చండి. లక్షల కిట్ చూసి కూడా ‘అన్నా, ఆయిల్ ఎప్పుడు మార్చిన్రు?’ అని అడిగేవాడికి అభిరుచి లేనట్టే. ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. క్యాలిపర్‌లో అది మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే బ్రేకు పడుతుంది, ఆవిరిని నొక్కితే పెడల్ నేలకు పోతుంది, అంతే. అందుకే ట్రాక్ మీదికి వెళ్లేవాళ్లు డిస్కుల కంటే ముందు కొత్త ఆయిల్, సరైన ప్యాడ్లు చూసుకుంటారు. చాలామందికి ఆ రెండే సరిపోతాయి. ఇంత చవగ్గా తేలిపోయే పని మీ స్థాయికి తగదు. సరే, తప్పనిసరై ఆయిల్ మార్చాల్సి వస్తే పెద్ద అంకె ఉన్నది తీసుకోండి. 4 కన్నా 5 పెద్దది గదా! డాట్ 5 సిలికాన్ ఆయిల్ అనీ, మిగతావాటితో కలవదనీ, ఏబీఎస్ ఉన్న కార్లకు పనికిరాదనీ, మీకు కావాల్సింది బహుశా డాట్ 5.1 అనీ సీసా వెనక సన్నటి అక్షరాల్లో రాసి ఉంటుంది. కళ్లద్దాలు ఇంట్లో వదిలి వెళ్లండి.

కొత్త ప్యాడ్లు వేశాక వాటిని డిస్కుకు అలవాటు చేసే తతంగం ఒకటుంది. ఖాళీ రోడ్డు మీద వంద నుంచి ముప్పై దాకా గట్టిగా వేగం తగ్గిస్తూ, పూర్తిగా ఆగకుండా, మళ్లీ పెంచి, ఇలా ఎనిమిది పది సార్లు చేసి, తర్వాత బ్రేకు ముట్టుకోకుండా నడిపి చల్లార్చాలి. అప్పుడు ప్యాడ్ పదార్థం డిస్కు మీద సమానంగా పల్చటి పొరలా అంటుతుంది. ఇంత ఓపిక ఎవరికుంది? నేరుగా హైవే ఎక్కి నాలుగుసార్లు భీకరంగా తొక్కి, టోల్‌గేటు దగ్గర కాలు పెడల్ మీదే అదిమిపెట్టి నిలబడండి. వేడి ప్యాడ్ ఉన్నచోటే డిస్కు మీద తన ముద్ర వేసి వెళుతుంది. మర్నాటి నుంచి బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. ‘డిస్కు బెండయింది’ అని అమ్మినవాడి మీద అరవడానికి అంతకన్నా మంచి ఆధారం లేదు.

కంపెనీ ఇచ్చిన పాత బ్రేకులను మాత్రం పారేయకండి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టండి. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌ను మార్చడం మీద మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆంక్షలు పెట్టింది, బీమా కంపెనీ సర్వేయరుకూ ఆ సంగతి బాగానే గుర్తుంటుంది. అదీ గాక రేపు కారు అమ్మేటప్పుడు కొనేవాడు పాత బ్రేకులే అడుగుతాడు, మీ కిట్‌కు పైసా వేయడు. వాటిని తిరిగి బిగించి, ప్రకటనలో ‘ఒక్కసారి కూడా ట్రాక్ ఎక్కని కారు’ అని పెద్దక్షరాలతో రాయించండి. ప్రకటన మొత్తంలో ఎవరూ వంక పెట్టలేని మాట అదొక్కటే.