బరువు తగ్గితే చాలు, ఏం తగ్గితేనేం!

శంషాబాద్ విమానాశ్రయంలో మొహమాటం ఎరగని వస్తువు ఒకటే: చెకిన్ కౌంటర్ దగ్గరి తూకం. అమెరికా వెళ్ళే కుర్రాడి సూట్‌కేసు 2 కిలోలు ఎక్కువ తూగిందనుకోండి, వాడు అక్కడే నేలమీద దాన్ని విప్పుతాడు. లోపలికి రానివ్వరు గనక గేటు బయట నిలబడ్డ తల్లి ఫోన్లోనే తీర్పు చెబుతుంది: ఆవకాయ తియ్యొద్దు, ఇంకేదైనా తియ్యి. వాడు సర్టిఫికెట్ల ఫైలు తీసి పక్కన పెట్టినా తూకానికి పట్టింపు లేదు. అంకె దిగింది, పెట్టె బెల్టెక్కింది. 2008 మార్చిలో విమానాశ్రయం తెరిచింది మొదలు మా ప్రాంతపు ఆరోగ్యశాస్త్రమంతా ఈ తూకం దగ్గరే నేర్చుకున్నట్టుంది.

లేకపోతే ఏమిటి చెప్పండి. ఒకావిడ రెండు నెలల్లో 8 కిలోలు తగ్గుతుంది. డైట్ లేదు, నడక లేదు. పైగా రెండు పూటలా కడుపునిండా తిని, రాత్రి పదకొండింటికి మళ్ళీ ఆకలని మిగిలిన పులిహోర కూడా ఖాళీ చేస్తోంది. ఇది చూసి భయపడాలి. మావాళ్ళు మురిసిపోతారు. "ఏమక్కా, గింత సన్నబడ్డవ్, ఏం జేస్తున్నవో జర మాక్కూడ చెప్పరాదు" అని సాతంరాయి నుంచి తొండుపల్లి దాకా ఒకటే ఆరా. ఆమెకు తెలిస్తే కదా! చెప్పకపోతే దాస్తోందంటారని, పరగడుపున మెంతినీళ్ళు తాగుతున్నానని ఒక చిన్న అబద్ధం ఆడుతుంది. మర్నాటికి వీధి చివరి కిరాణాలో మెంతులు ఉండవు.

ఎవరైనా పుణ్యాత్ముడు "ఒకసారి థైరాయిడ్ చూపించుకోమ్మా" అన్నాడా, నవ్వేస్తారు. థైరాయిడ్ వస్తే లావవుతారు గానీ సన్నబడతారా? ఈ నమ్మకం గాల్లోంచి పుట్టిందని అనను. హైదరాబాద్‌తో కలిపి ఎనిమిది నగరాల్లో చేసి 2013లో ప్రచురించిన సర్వేలో, థైరాయిడ్ గ్రంథి మందగించినవాళ్ళు నూటికి దాదాపు 11 మంది తేలారు. గ్రంథి అతిగా పనిచేసేవాళ్ళు ఇద్దరు. మెజారిటీదే రాజ్యం. ఆ ఇద్దరికీ జబ్బున్నట్టు చెప్పుకునే హక్కు కూడా లేకుండా పోయింది.

ఆ ఇద్దరి జబ్బు, అంటే హైపర్ థైరాయిడ్‌లో జరిగేదేమిటంటే, మెడ ముందుభాగంలో ఉండే గ్రంథి అవసరానికి మించి హార్మోను విడుదల చేస్తుంది. దాంతో కూర్చున్నా పడుకున్నా ఒళ్ళు శక్తిని ఖర్చుచేస్తూనే ఉంటుంది. తిన్నది చాలదు. అప్పుడు కొవ్వు ఒక్కటే కరిగితే మనవాళ్ళ సంబరానికి అర్థం ఉండేది. కండ కూడా కరుగుతుంది, ఎముకా పలచబడుతుంది. సూట్‌కేసులోంచి తీసేసిన సర్టిఫికెట్లు ఇవే. తొడల్లో బలం పోయి, ముచ్చింతల్‌లో 216 అడుగుల సమతామూర్తిని చూడబోయినావిడ మెట్ల దగ్గరే చతికిలబడుతుంది. నేలమీద కూర్చుంటే చెయ్యి ఆనించందే లేవలేదు. అయినా తూకం మాత్రం శభాష్ అంటోంది. ఇంకో చిత్రం, ఆకలి మరీ విజృంభించి, ఖర్చయ్యేదాన్ని మించి తిని, ఇదే జబ్బులో బరువు పెరిగేవాళ్ళూ కొందరున్నారు. వాళ్ళ గోడు వినేవాడు లేడు.

మా ఊళ్ళో ఈ జబ్బు దాక్కోవడానికి ఉన్నన్ని చాటులు ఇంకెక్కడా ఉండవేమో. నిద్ర పట్టడం లేదా? ఎయిర్‌పోర్టులో నైట్ షిఫ్టు కదా. గుండె దడదడలాడుతోందా? క్యాబ్ పార్కింగ్‌లో రాత్రంతా బుకింగ్ కోసం కాచుకుంటే ఎవడికి దడ పుట్టదు. చేతులు వణుకుతున్నాయా? చాయ్ తగ్గించు. ఒళ్ళంతా చెమటలా? ఎండాకాలం మరి. డిసెంబర్లో కూడా ఫ్యాను అయిదు మీద పెట్టుకుంటే, పాపం వేడి ఒళ్ళు. రోజుకు నాలుగుసార్లు బాత్రూముకు పరిగెడితే, మెంతినీళ్ళు పనిచేస్తున్నాయన్నమాట. కళ్ళు ముందుకు పొడుచుకొస్తే? "అబ్బ, కళ్ళు ఎంత పెద్దగా ఉన్నాయో" అని ఓ మెచ్చుకోలు! 1835లో డబ్లిన్‌లో రాబర్ట్ గ్రేవ్స్ అనే డాక్టరు ఉబ్బిన మెడనూ గుండె దడనూ కలిపి చూసి ఈ రోగాన్ని వర్ణించాడు. ఆయన పేరే దానికి మిగిలింది. మన దగ్గర పుట్టుంటే కాటుక బ్రాండు పేరు సూచించి ఊరుకునేవాడు.

తీరా రక్తపరీక్ష చేయించారే అనుకుందాం. టీఎస్‌హెచ్ 0.01 వస్తుంది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. షుగరు తక్కువొస్తే మంచిదే, కొలెస్ట్రాల్ తక్కువొస్తే మంచిదే, ఇదీ అంతే కదా! కాదు మహాప్రభో. టీఎస్‌హెచ్ అనేది మెదడు కింది పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కు పంపే ఆజ్ఞ. అక్కడ ఇప్పటికే హార్మోను పొంగిపొర్లుతుంటే ఆజ్ఞ ఆగిపోతుంది. అందుకే అంకె అడుగంటింది. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు మింగుతూ వెళితే కొన్ని పరీక్షల్లో లేని జబ్బు ఉన్నట్టు కూడా కనబడుతుంది. 2017లో అమెరికా ఎఫ్‌డీఏ దీనిమీద హెచ్చరిక చేసింది. ఆ సంగతి పరీక్షకు ముందే డాక్టరుకు చెప్పాలి.

అసలు ఘనులు వేరే ఉన్నారు. జబ్బుతో సన్నబడేవాళ్ళను చూసి, జబ్బు లేకుండానే ఆ భాగ్యం కొనుక్కుందామనేవాళ్ళు. గ్రంథి మందగించిన అత్తగారు పరగడుపున వేసుకునే థైరాక్సిన్ డబ్బాలోంచి కోడలు రోజుకొకటి తీస్తుంది. ఈ తెలివి కొత్తదేం కాదు. 1891లో జార్జ్ ముర్రే గొర్రె థైరాయిడ్ రసంతో గ్రంథి చచ్చుబడిన మనిషికి ప్రాణం పోస్తే, ఆ పదేళ్ళు తిరక్కుండానే పాశ్చాత్య దేశాల్లో దాన్ని లావు తగ్గే మందుగా అమ్మారు. అమెరికాలో దాన్నే మరికొన్ని మందులతో కలిపి రంగురంగుల మాత్రలుగా పంచితే మనుషులు చచ్చారు, 1968లో ప్రభుత్వం వాటిమీద పడాల్సివచ్చింది. గ్రంథి బాగున్న మనిషి మామూలు మోతాదులో ఈ మాత్ర మింగితే, పిట్యూటరీ సొంత గ్రంథిని ఆ మేరకు పడుకోబెడుతుంది. లెక్క సరి, బరువు సరి, మాత్రల డబ్బు దండగ. తగ్గేదాకా మోతాదు పెంచితే కొవ్వుకంటే ముందు గుండె లయ తప్పుతుంది. అందుకే అమెరికాలో ఆ మందుమీద, బరువు తగ్గడానికి వాడరాదని నల్లగీతల గడిలో అచ్చేస్తారు. మా కోడలు చదివేది ఎక్స్‌పైరీ తేదీ ఒక్కటే.

మాత్రే అక్కర్లేదు కూడా. 1984-85లో మిన్నెసోటా చుట్టుపక్కల గొడ్డుమాంసం కైమాలో పశువుల మెడ దగ్గరి థైరాయిడ్ కలిసిపోయి, అది తిన్న 121 మందికి ఈ లక్షణాలన్నీ వచ్చాయి. అక్కడి ఆరోగ్యశాఖ కంగారుపడి కబేళా దాకా వెళ్ళి కారణం పట్టుకుంది. అదే మా దగ్గరైతే ఆ కైమాకు ఆరాంఘర్ దాకా క్యూ కట్టేవాళ్ళు.

ఇక వైద్యం. ఉంది, బాగానే పనిచేస్తుంది: కార్బిమజోల్ మాత్రలు, కాదంటే రేడియో అయోడిన్, తప్పదంటే ఆపరేషన్. మాత్రలు మొదలైన కొన్ని వారాలకు దడ తగ్గుతుంది, చెయ్యి నిలకడగా ఉంటుంది, కండ మళ్ళీ పట్టడం మొదలవుతుంది. కండ పడితే బరువు రాదా? వస్తుంది, పోయిన 8 కిలోలూ కొన్నిసార్లు వడ్డీతో సహా వస్తాయి, ఆకలి మాత్రం పాత అలవాటు మానలేదు గనక. అప్పుడు చుట్టాలు దిగుతారు. "అయ్యో, ఎట్లుండెదానివి ఎట్లయినవ్, ఒంట్లో బాగుంటలేదా?" ఆర్నెల్ల జబ్బులో ఎవరూ అడగని ప్రశ్న అది. మర్నాడే ఆమె మాత్రలు ఆపేస్తుంది, చెల్లెలి పెళ్ళి ఫొటోలయ్యేదాకా.